గల్లీలో మోగి రోడ్డుమీద మూగబోయే కారు

మా వీధి చివరి మందుల షాపుకు బొంబాయి నుంచి ట్రంకాల్ వచ్చింది. షాపతను నన్ను పిలుచుకొచ్చేసరికి మాట్లాడుకునే వ్యవధి చాలావరకు అయిపోయింది. మిగిలిన కాసేపట్లో మా యాదక్క ఊపిరి తీసుకోకుండా చెప్పింది. “తమ్మీ, మీ బావ కట్టిన కారు మోగుతున్నదిరా. యాడ మోగుతున్నదో ఎవ్వనికీ తెలుస్తలే. పెట్టెల ఏ రీడు మోగుతున్నదో నువ్వు మూతకూడ తియ్యకుండ చెప్తవు గద. ఆదివారంలోపల రా.” లైను తెగింది.

నేను హైదరాబాదులో హార్మోనియాలు బాగుచేస్తాను. బతుకు శ్రుతితో, పని సుత్తితో. ఆ రెండింటికీ పెద్ద తేడా లేదని మా ఆవిడ అభిప్రాయం, నా పాట కూడా వినాల్సివచ్చేది ఆమే కాబట్టి. కార్లతో నా పరిచయం పెళ్ళిళ్ళకు వెళ్ళేటప్పుడు వెనక సీట్లో ఇరుక్కుని కూర్చోవడం వరకే. అయినా అక్క పిలిచాక వెళ్ళకపోవడం మా ఇంటావంటా లేదు.

అసలు సంగతి ఇది. మా బావ నర్సింలు బట్టల మిల్లులో ఫిట్టరు. మిల్లు మూతపడ్డాక నెలల తరబడి గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చేవాడు. తర్వాత పుణె దగ్గర ఒక షెడ్డులో అచ్చుపోసి అమ్మే ఫైబర్ ఒళ్ళు ఒకటి కొన్నాడు. టాపు లేని, రెండు తలుపుల, పాతకాలపు దొరల కారు ఆకారం అది. దానికింద పెట్టడానికి ఒక పాత టాక్సీ చట్రాన్ని మూరెడు కుదించాడు. ఇంజను, గేరుపెట్టె, ఇరుసు నాగ్‌పాడా దుకాణాల్లో ఏరి తెచ్చాడు. కామాఠిపురాలో తాము ఉండే ఒంటిగదుల చాళ్ ముందు, గల్లీ గోడ వారన ఏడాదిపైన కూర్చుని కారు కట్టాడు. బావ వాళ్ళు తాతల కాలంలో పాలమూరు నుంచి ఇళ్ళు కట్టడానికి వెళ్ళినవాళ్ళు. అందుకే బావ కూడా ‘కారు చేశాను’ అనడు, ‘కట్టిన’ అంటాడు.

షూటింగులకు కార్లు కిరాయికిచ్చే ఒక సేట్ దాన్ని చూసి ముచ్చటపడి, కారునూ నడపడానికి బావనూ కలిపి పెట్టుకుంటానన్నాడు. తీరా ఎక్కి కూర్చుంటే కింద ఏదో ఖణఖణమంది. సేట్ దిగిపోయాడు. ఆదివారం మళ్ళీ వస్తాడట. అప్పటికీ మోగితే కారు కుర్లా తుక్కు దుకాణానికి, బావ ఏదో ఒక గేటు దగ్గర వాచ్‌మన్ స్టూలు మీదికి. ఇది మా అక్క తీర్మానం.

గురువారం సాయంత్రం నాంపల్లిలో బొంబాయి బండి ఎక్కాను. మా ఆవిడ కట్టిన పులిహోర వాడీ జంక్షన్ రాకముందే పూర్తయింది. ఎదురు బెర్తులో ఒక బట్టల వ్యాపారి ఉన్నాడు. బొంబాయిలో ఎక్కడికని అడిగితే “కామాఠిపురా” అన్నాను. ఆయన కళ్ళు మెరిసి, గొంతు తగ్గింది.

“ఏం పనిమీదండీ?”

“మా బావగారి కారు ఏదో చప్పుడు చేస్తోందట. వినడానికి వెళ్తున్నాను.”

“వినడానికి!” అని ఆయన దుప్పటి ముఖం మీదికి లాక్కుని చాలాసేపు కుదుపులు కుదుపులుగా నవ్వాడు. నిజం చెప్పి నమ్మకం పోగొట్టుకోవడం నాకు కొత్త కాదు. ఆ పేట పేరు చెబితే లోకానికి గుర్తొచ్చే సానివాడ గల్లీలు కొన్ని. ఆ పక్కనే, నీళ్ళకోసం తెల్లారకముందే లేచి, పిల్లల్ని బడికి పంపి, తట్టా తాపీ పట్టుకుని పనికి పోయే మా వాళ్ళ గల్లీలు మరికొన్ని. పేటకు ఆ పేరొచ్చింది ఇళ్ళు కట్టే ఈ కామాఠీల వల్లే.

తెల్లారేసరికి షోలాపూర్, అక్కడ పల్లీల పొడితో రొట్టె. లోణావళాలో చిక్కీ, ఘాట్ దిగాక కర్జత్‌లో వేడివేడి బటాటా వడ. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు నా సలహా ఒకటే, ఇంటినుంచి పులిహోర మోసుకెళ్ళకండి, కడుపులో చోటు దండగ. మధ్యాహ్నం దాదర్‌లో దిగి, వంతెన దాటి, బొంబాయి సెంట్రల్ వైపు లోకల్ ఎక్కాను. ఎక్కాను అనడం మర్యాదకు. జనం నన్ను ఎక్కించారు, దించారు. నా పనిముట్ల పెట్టె నాకంటే ఒక నిమిషం ఆలస్యంగా దిగింది. స్టేషను నుంచి తూర్పువైపు నడిచి, నాగ్‌పాడా ఇనుప దుకాణాల మధ్యగా వెళ్తే దూరం లేదు. టాక్సీ అనవసరం.

కారు నేను అనుకున్నదానికంటే అందంగా ఉంది. పాలపిట్ట రంగు, గుండ్రటి దీపాలు. బావ దాని ముక్కు తుడుస్తూ నిలబడ్డాడు. పైన గ్యాలరీలోంచి లచ్చమ్మత్త, అంటే బావ తల్లి, చూసి కేకేసింది.

“వచ్చినవా కొడుకా! ముందుగాల ఖోలీలకు రా, చాయ్ తాగు. గాడీ యాడికీ పోదు. పోతే గింత లొల్లి ఎందుకు?”

అరవై దాటిన మనిషి. మొన్నమొన్నటి దాకా కట్టుబడి పనుల్లో గచ్చు చేసింది. చేతులు ఇప్పటికీ సిమెంటు రంగే. చెక్కమెట్లు ఎక్కి, ఖోలీ అని వాళ్ళనే ఆ ఒక్క గదిలో ఆమె ఇచ్చిన చాయ్ తాగి కిందికి దిగేసరికి, నా చెవి పనితనం చూడటానికి చాళ్‌లో సగం మంది పోగయ్యారు.

బావ కారు తీశాడు. గల్లీలో నడక వేగంతో కదలగానే కాళ్ళకింద ఎక్కడో ఖణ్, ఖణ్, గలగల. నాగ్‌పాడా కూడలి దాటి పెద్దరోడ్డు ఎక్కి వేగం అందుకున్నాడు. చప్పుడు చటుక్కున మాయం. సీటుకింద చిన్న వణుకు మాత్రం మిగిలింది. వెనక్కి తిరిగి గల్లీ మలుపులో నెమ్మదించగానే మళ్ళీ ఖణ్.

“ఇదే తమ్మీ నా కర్మ. మెకానిక్కులు రోడ్డుమీద నడిపి, ఏం లేదు పో అంటరు. గల్లీలకు రాంగనే మొదలు. గల్లీకి దయ్యం పట్టిందంటున్నరు,” అన్నాడు బావ.

“సినిమాలో మాటలన్నీ తర్వాతే కలుపుతారు కదా బావా. ఈ చప్పుడుతో సేట్‌కు ఏం నష్టం?”

“నేను గదే అడిగిన. హీరోయిన్ గాడీల కూసుంటే ఖణ్ మంటది, ఆమె ఎగిరి దుంకుతది, అది కూడ తర్వాత కలుపుతవా అన్నడు.”

సేట్ మాటలో న్యాయముంది. సినిమాల్లో కారు ఎప్పుడూ మెల్లగా వచ్చి ఇంటిముందు ఆగుతుంది. ఇది మోగేది సరిగ్గా అప్పుడే.

నేను కారుకింద దూరి, ఇంజను ఆడుతుండగా ఒక్కో భాగానికీ చెవి ఆనించాను. సైలెన్సర్‌కు కూడా ఆనించాను. ఇరవయ్యేళ్ళుగా శ్రుతి చూసిన చెవికి వాత పడింది. బయటికొచ్చి, చెవి పట్టుకునే, “సైలెన్సరే!” అని ప్రకటించాను.

“సైలెన్సర్ మోగుడేందిరా, పేరుకన్న సిగ్గుండాలె గద దానికి,” అంది అక్క, నా చెవికి కొబ్బరినూనె రాస్తూ. అయినా నా మాటమీద బావ పొద్దుగూకేదాకా సైలెన్సర్‌ను తీగతో బిగించాడు. బిగించినదంతా బిగుసుకుంది. మోగేది మోగింది.

“చదివినోనిలెక్క మాట్లాడినవు, మా లెక్క తప్పు చేసినవు,” అని పక్క ఖోలీ అంజయ్య నన్ను ఓదార్చాడు. ఆ రాత్రి అక్క వడ్డించిన జొన్నరొట్టె, బొంబిలి చేపల కూర మాత్రం తప్పులేకుండా తిన్నాను.

శనివారం పొద్దున చెవి మంట తగ్గాక బుర్ర పనిచేసింది. హార్మోనియంలో తప్పు మోత వినిపిస్తే మేము ముందు చూసేది తిత్తి ఆపితే ఆగుతుందా అని. అలాగే ఇంజను ఆపేయించి, గేరు తీయించి, కారును తోయమన్నాను. నల్లా దగ్గర బిందెలు పెట్టి వచ్చిన నలుగురు ఆడవాళ్ళు, అంజయ్య కలిసి తోశారు. ఖణ్, ఖణ్. అంటే ఇంజనుకు సంబంధం లేదు. వెనకచక్రం మీద సుద్దముక్కతో గీత గీసి, మళ్ళీ తోయమని, పక్కనే వంగి నడుస్తూ తొడమీద తాళం వేశాను. గీత ఒక చుట్టు తిరిగి వచ్చేలోపు నాలుగు దెబ్బలు, ఐదోది సగంలో. మళ్ళీ అంతే. మళ్ళీ అంతే.

“చక్రం కాదు బావా. చక్రమైతే చుట్టుకు ఒక్కటే దెబ్బ పడాలి. ఇది నాలుగున్నర.”

బావ స్టీరింగు పట్టుకున్నవాడల్లా ఆగిపోయాడు. “వెనకపెట్టె పళ్ళ లెక్క గదే గదరా! చక్రం ఒక్క చుట్టు తిరిగితే నడుమ పైపు నాలుగున్నర తిరుగుతది. మోగేది పైపు!”

గేరుపెట్టె నుంచి వెనక ఇరుసు దాకా, కారు నడుమ కింద పొడుగునా తిరిగే బోలు పైపు అది. చట్రం కుదించినప్పుడు ఆ పైపును కూడా కోసి, మూరెడు తగ్గించి, మళ్ళీ అతికించాల్సి వచ్చిందట. బావ కిందికి దూరి బోల్టులు విప్పి పైపు బయటికి తీశాడు. నిలబెట్టి తలకిందులు చేశాడు. లోపల పైనుంచి కిందిదాకా ఏవో జారుతూ గలగలమన్నాయి.

చప్పుడు దొరికింది. గల్లీ అంతా ఒక్కసారిగా అరిచింది. వేగం పెరిగితే లోపలివి విసురుకు గోడకు అంటుకుపోయి మూగబోతాయి, నెమ్మదిస్తే దొర్లి మోగుతాయి. అంతే. రోడ్డుమీద సీటుకింది వణుకు కూడా వీటి చలవే. నన్ను ఎవరో భుజమ్మీద చరిచారు, పాపం వాతపడ్డ చెవివైపే.

“కోసి పారేస్తే అయిపాయె. పా, నాగ్‌పాడా పోదాం,” అని బావ పైపు భుజాన వేసుకున్నాడు.

అప్పుడు పైనుంచి లచ్చమ్మత్త గొంతు వినిపించింది. “కొయ్యొద్దు!”

చెక్కమెట్లు గబగబా దిగివచ్చి పైపును రెండుచేతులా పట్టుకుంది. ఆమె చెప్పిందాన్నిబట్టి జరిగింది ఇది. పైపు కోసి తెచ్చిన రోజుల్లో ఖోలీ మూల నిలబెట్టి ఉండేది. ఏమిటిదని ఆమె అడిగితే బావ, “బండంతా దీనిమీదనే నడుస్తదమ్మా,” అన్నాడు. నిలువుగా నిలబడి, మొత్తం భారం మోసేదాన్ని ఆమె స్తంభమనే అనుకుంది. ఇంటికి మొదటి స్తంభం లేపేటప్పుడు పంచలోహాల ముక్కలు అడుగున వేసి మూయడం వాళ్ళ పద్ధతి. వేసేది ఇంటికి పెద్ద ఆడమనిషి. వేసినట్టు ఎవరికీ చెప్పకూడదు, ఒకసారి మూశాక తెరవకూడదు. ఆమె పైపు అడుగున లోహాలు వేసి, లోపలికి చెయ్యి దూర్చి ఇంత గచ్చు అద్దింది. మర్నాడు బావ దాన్ని తీసుకెళ్ళి అతికించాడు. వెల్డింగు వేడికి, తిరుగుడుకు గచ్చు పొడైంది. లోహాలు వదులయ్యాయి.

“నువ్వు మోత ఇన్నవు గద అత్తా! గప్పుడన్న చెప్పొద్దా?” అంది అక్క.

“మా మేస్త్రి కాలంల ఒక్క స్తంభమన్న తిరిగిందానె? నాది మోగుతదని నాకెట్ల తెలుస్తది?” అంది ఆమె. మేస్త్రి అంటే కాలంచేసిన ఆమె పెనిమిటి.

“సరే, ఇప్పుడు తెలిసింది. కోద్దాం,” అన్నాన్నేను.

“మూసింది తెరిస్తే ఇల్లు నిలువది కొడుకా.”

అందరూ బావ వైపు చూశారు. ఏడాది కష్టం, రేపు వచ్చే సేట్, మళ్ళీ చేతికి దొరకబోయే పని, అన్నీ ఆ పైపులో ఉన్నాయి. బావ పైపును నెమ్మదిగా గోడకు ఆనించి, “అమ్మ వద్దంటే నేను కొయ్య,” అన్నాడు.

అక్క మాట్లాడకుండా మెట్లెక్కి పోయింది. ఆమె మాట్లాడకపోవడం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

గల్లీ మెల్లగా ఖాళీ అయింది. బావ కారు తలుపు తెరిచి సీట్లో కూర్చున్నాడు, స్టీరింగు మీద చేతులు పెట్టి, ఎక్కడికో పోతున్నట్టు. లచ్చమ్మత్త పైపు పక్కన గొంతుక్కూర్చుంది. కాసేపటికి దాన్ని ఒళ్ళోకి తీసుకుని, ఒకవైపు లేపింది. గలగల. మరోవైపు లేపింది. గలగల. నేను పాడైన రీడును వినేటప్పుడు ఎలా తల వంచుతానో అలాగే వంచి విన్నది.

“కుదురుగ లెవ్వు,” అంది చివరికి.

“ఏవత్తా?”

“పునాదిల పెట్టింది కదలొద్దు కొడుకా. గీటికి నిమ్మళం లేదు. అంటే నేను పెట్టుడే సక్కగ పెట్టలే.” లేచి కుచ్చిళ్ళు దోపుకుంది. “మా మేస్త్రి ఉన్నప్పుడు గోడ ఇంచు వంకరొస్తే కూలగొట్టిచ్చేది, ఎవరేమన్న గాని. పని తప్పయితే తీసి మళ్ళ చెయ్యాలె. నర్సింలూ! తియ్యి. నా కామ్ నేనే సక్కగ జేస్త.”

బావ ముఖం తుడుచుకుని కారు దిగి, పైపు మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

నాగ్‌పాడాలో లచ్చమ్మత్త కళ్ళముందే, మొదట అతికిన వెల్డింగు ఉస్తాదే పైపు కోసి, చాపమీద బోర్లించాడు. గచ్చుపొడితోపాటు అయిదు ముక్కలు పడ్డాయి. ముక్కుపుల్ల విరిగిన తునక, మెట్టెముక్క, రాగి పైస, ఇత్తడి బిళ్ళ, చిటికెనవేలంత ఇనపముక్క. మోతంతా ఆ ఇనుముదే. అది ఆమె పెనిమిటి తాపీ మొన అట. ఉస్తాద్ వాటిని చూసి, లచ్చమ్మత్తను చూసి, “అమ్మా, ఈసారి నాకూ చెప్పి పెట్టు,” అని హిందీలో అని, పైపు మళ్ళీ అతికి, తిప్పి తిప్పి సరిచూసి ఇచ్చాడు.

ఇక మిగిలిన ప్రశ్న, ముక్కలు ఎక్కడ పెట్టాలి? సాయంత్రమంతా కారు చుట్టూ అదే చర్చ.

“కదలని జాగ చెప్పుండ్రి,” అంది లచ్చమ్మత్త.

“కారే కదిలేదాయె, దాంట్ల కదలనిదేముంటది?” అన్నాడు అంజయ్య.

బావ డ్రైవరు సీటుకింద చట్రానికి అడ్డంగా ఉన్న బోలు దూలం చూపించాడు. “ఇది తిరగదమ్మా. బండి పోతుంటది, ఇది బండిల కూసోనుంటది. నువ్వు పాలమూరు నుంచి రైల్ల పండుకుని రాలేదా? గట్ల.”

ఆమె ఆ దూలాన్ని వేళ్ళతో తట్టి చూసి ఒప్పుకుంది.

“సేట్ చూసిపోయినంక పెట్టరాదా అత్తా?” అని అక్క మెల్లగా అడిగింది.

“పునాది లేకుండ గోడ లేపుతరానె?”

ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, ఆమె గచ్చు కలిపింది. ఇసుక జల్లించి, సిమెంటు పాళ్ళు తాను అనుకున్నట్టు కుదిరేదాకా ఎవరినీ ముట్టనివ్వలేదు. లోహాలు దూలంలో ఉంచి, గచ్చు కూరి, బొటనవేలితో నున్నగా అదిమింది. మేమందరం కనబడుతూనే ఉన్నాం. ఈసారి దాపరికం లేదు.

పదిగంటలకు సేట్ వచ్చాడు. తెల్ల పైజామా, చేతిలో తాళాల గుత్తి. “చలో నర్సింగ్,” అని నర్సింలును తనకు నోరు తిరిగినట్టు పిలిచి తలుపు పట్టుకున్నాడు.

లచ్చమ్మత్త చెంబుతో కారు ముందుకొచ్చి నిలబడింది. “రేపు రా సేటూ. గచ్చు పచ్చిగున్నది.”

బావ అంతా హిందీలో చెప్పాడు. సేట్ నమ్మలేక, మోకాళ్ళమీద వంగి, సీటుకింద తొంగిచూశాడు. వేలు పెట్టబోతే ఆమె, “ఏయ్!” అంది. ఆయన వేలు వెనక్కి తీసుకున్నాడు. జీవితంలో ఎన్ని కార్లు చూసి ఉంటాడో గాని, సిమెంటు ఆరాల్సిన కారును చూసి ఉండడు.

“నువ్వుండే మేడ కూడ మా అసొంటోళ్ళు కట్టిందే. గచ్చు ఆరకముందుకే ఎక్కినవా?” అని ఆమె తెలుగులోనే నిలదీసింది. బావ అనువదించాడు, కొంచెం మెత్తగా.

సేట్ తల గోక్కున్నాడు. “ఠీక్. కల్ ఆతా హూఁ. కల్ భీ బజా తో కబాడీ,” అని వెళ్ళిపోయాడు. రేపూ మోగితే తుక్కుకే. ఆ రోజంతా లచ్చమ్మత్త గంటకోసారి గచ్చుమీద నీళ్ళు చిలకరించింది. అక్క గంటకోసారి దేవుడికి దండం పెట్టింది. నాకు తోచక పక్కింటి హార్మోనియం ఒకటి బాగుచేశాను.

సోమవారం సేట్ బావ పక్కన కూర్చున్నాడు. ఎవరో నల్లా కట్టేశారు. గ్యాలరీల్లో గిన్నెల చప్పుడు ఆగింది. కారు నడక వేగంతో గల్లీ చివరిదాకా వెళ్ళింది, తిరిగింది, వచ్చింది. సీటు కిర్రుమంది, అంతే. సేట్ మళ్ళీ వెళ్ళమన్నాడు. ఇంకా మెల్లగా అన్నాడు. ఆపి, తీయమన్నాడు. ఏమీ లేదు. ముందు నడుస్తున్న కూరగాయలమ్మికి వెనక కారు వస్తున్నట్టే తెలియలేదు, బావ మొదటిసారి హారన్ కొట్టాల్సివచ్చింది.

“బరోబర్,” అన్నాడు సేట్. “నర్సింగ్, పర్సోఁ సే ఆ జా.”

ఎల్లుండి నుంచి పని. బావ స్టీరింగు తుడుస్తూ కూర్చున్నాడు. అక్క గ్యాలరీలోంచి, “చాయ్ తాగి పొమ్మను సేట్‌ని!” అని అరిచింది. లచ్చమ్మత్త ఇదేదీ పట్టించుకోకుండా చెంబు పట్టుకుని వంగి, “ఇంగొక్క పూట కొట్టాలె,” అని గచ్చుమీద నీళ్ళు చల్లింది.

ఆ సాయంత్రం బావ నన్ను కారులోనే దాదర్ దాకా దింపాడు. దారిపొడుగునా ఎడంచేత్తో మేడలు చూపించాడు. “గది మా నాయిన పని. గా మూలది మా అమ్మ ఇసుక మోసింది, నేను కడుపుల ఉన్నప్పుడు.” బండెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక చీకటి పడింది. కల్యాణ్ దాకా పట్టాలకు రెండువైపులా మేడలు, అంతస్తు మీద అంతస్తు దీపాలు. ఎప్పుడు బొంబాయి చూసినా పైకి చూసి మెడ నొప్పి తెచ్చుకునేవాణ్ణి. ఆ రాత్రి నా చూపు అడుగుకే పోయింది. ప్రతి మేడ కిందా ఎవరో ఒక లచ్చమ్మ బొటనవేలితో అదిమిన గచ్చులో, ఒక ముక్కుపుల్ల తునక, ఒక తాపీ మొన. వాటి చప్పుడు ఎవరూ వినలేదు, ఇక వినరు. అంత బాగా పెట్టారు.